ఇరవై మీటర్ల కింద

డిసెంబరు మూడో తేదీన లియొంతినా చెవిలో పొర చిరిగింది. భూమికి దక్షిణపు కొసనున్న మా దేశంలో డిసెంబరంటే వేసవి. ఆ వేసవిలో మొదట చెడిపోయింది అదే.

లియొంతినా వాల్దీవియా పట్నం నుంచి వచ్చిన అమ్మాయి. సముద్రం అడుగున రాళ్లకు అతుక్కుని బతికే వెన్నెముక లేని జీవుల గురించి చదువుకుంది. ఆమెను పిలిపించింది మా పిల్కోమో రేవు జాలరుల సంఘం. రేవుకు ఎదురుగా, పడవలో అరగంట దూరంలో ఒబిస్పో అనే రాతిగట్టు ఉంది. నీళ్ల పైకి ఏమీ కనిపించదు. ఎనిమిది మీటర్ల లోతులో మొదలై మెట్లు మెట్లుగా ముప్పై దాకా దిగుతుంది. దాని మీద సాల్మన్ చేపలు పెంచే బోనులు దింపుతామని ఒక కంపెనీ అర్జీ పెట్టుకుంది. అర్జీలో గట్టు గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "రాతి నేల, చెప్పుకోదగ్గ జీవజాలం లేదు."

సంఘం అధ్యక్షుడు కుస్తోదియో ఆ వాక్యాన్ని సభలో మూడుసార్లు చదివాడు.

"లేదంట! మరి మా నాన్నా నేనూ యాభై ఏళ్లుగా అక్కణ్నుంచి గంపల్లో ఏం తెస్తున్నట్టు? గాలా?"

అరిస్తే సరిపోదు, మార్చి ముప్పై ఒకటిలోగా మీ లెక్క మీరు చూపించండి అన్నారు మత్స్యశాఖ ఆఫీసువాళ్లు. ఆ లెక్కకు పద్ధతి ఉంది. గట్టు మీద పద్దెనిమిది చోట్లు. ఎనిమిది మీటర్ల లోతులో ఆరు, పదిహేనులో ఆరు, ఇరవై ఐదులో ఆరు. ఒక్కో చోట అర మీటరు చదరపు చట్రాన్ని పదిసార్లు రాయి మీద పరిచి, అందులో ఉన్న ప్రాణినల్లా లెక్కపెట్టాలి, ఫొటో తీయాలి. కాగితం మీద ప్రతి వరసకూ ఎదురుగా దిగినవాడు సంతకం పెట్టాలి.

లియొంతినా తనే దిగుదామని వచ్చింది. జలుబుతోనే మొదటిరోజు దిగింది, చెవిలోంచి రక్తంతో పైకొచ్చింది. మూడు నెలలు నీళ్లలో తల పెట్టకూడదన్నాడు డాక్టరు. మా రేవులో ఇరవై మీటర్లు దాటి దిగడానికి అనుమతి కార్డు ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకడు దక్షిణాన సాల్మన్ బోనుల్లోనే పనికి కుదిరిపోయాడు. రెండోవాడు నా మొగుడు బెలార్మినో.

"తినే సముద్రపు ముళ్లబంతులు ఏరమంటే ఏరతాను. పురుగుల్ని లెక్కపెట్టమంటే ఎట్లా?" అన్నాడు బెలార్మినో.

"ఏరేటప్పుడు లెక్కపెట్టవా?" అన్నాడు కుస్తోదియో.

"గంప నిండిందా లేదా, అదే నా లెక్క."

లియొంతినా అతని మణికట్టుకు కట్టుకోమని లోతు చూపించే మీటరు ఇవ్వబోయింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు. "ఇరవై ఏడేళ్లుగా నా చెవులే నా మీటరు, అమ్మాయ్. పైగా నావి ఇంకా పనిచేస్తున్నాయి."

అందరూ నవ్వారు. చెవిలో దూది పెట్టుకున్న లియొంతినా కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమెకు మా ఇంట్లోనే పైగది ఇచ్చాం. రోజూ మధ్యాహ్నం బెలార్మినో, గాలి గొట్టం పట్టుకునే అతని తమ్ముడు రూదెసిందో తడిసి ముద్దయి వచ్చేవాళ్లు. రాసిన పలకా కెమెరా బల్ల మీద పెట్టి పొయ్యి దగ్గర కూలబడేవాళ్లు. లియొంతినా ఆ ఫొటోల్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఒక్కో చట్రాన్నీ మళ్లీ లెక్కపెట్టేది. నేను రొట్టెల పిండి పిసుకుతూ ఆమె భుజం మీదుగా చూసేదాన్ని.

"అది ఒకటి కాదు, రెండు," అన్నాను ఒకరోజు.

"ఏది?"

"ఆ ఎర్రది. రెండు నోళ్లు చొప్పున రెండు జతలున్నాయి, చూడు."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసింది, తర్వాత నా వైపు చూసింది. పదకొండేళ్లు క్యానింగు ఫ్యాక్టరీలో ఆల్చిప్పలు ఒలిచినదాన్ని. నిమిషానికి ఎన్ని ఒలిచేదాన్నో చెప్తే నమ్మరు. ఫ్యాక్టరీ మూసేశాక ఈ కళ్లకూ వేళ్లకూ పనిలేకుండా పోయింది. లియొంతినా పక్కన ఇంకో కుర్చీ వేసింది.

అక్కణ్నుంచి నా వేసవి ఆ బల్ల దగ్గరే గడిచింది. జనవరి వచ్చేసరికి స్పాంజిలు తొమ్మిది రకాలు గుర్తుపట్టేదాన్ని. పువ్వులా విచ్చుకునేవి, గుత్తులుగా గొట్టాలు కట్టుకునేవి, ఒంటికాలి మీద నిలబడే గవ్వలు, ఐదు చేతుల నక్షత్రాలు, పదకొండు చేతులవి. నాన్న పడవలో చిన్నప్పటి నుంచీ నేను మురికి అని గీకి నీళ్లలో పారేసింది ఐదు జాతుల ప్రాణులని తెలిసిన రోజు నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

కానీ పని నడిస్తేగా! జనవరిలో ముప్పై ఒక్క రోజుల్లో పందొమ్మిది రోజులు ఉత్తరపు గాలి. రేవు అధికారి పడవలు కదలకూడదని ఉత్తర్వు అంటించేవాడు, మేం కిటికీలోంచి వాననే చూస్తూ కూర్చునేవాళ్లం. గాలి ఆగిన వారంలో గాలి కొట్టే కంప్రెసర్ బెల్టు తెగింది. ప్వెర్తో మోంత్ నుంచి తెప్పిస్తే కొలత తప్పు. వెనక్కి పంపితే ఇంకో తప్పు కొలత వచ్చింది. మూడోది సరిపోయేసరికి ఫిబ్రవరి. ఆ ఫిబ్రవరిలోనే మేం ముందుగా పంపిన పన్నెండు చోట్ల కాగితాలూ ఆఫీసు నుంచి తిరిగొచ్చాయి. చోట్ల గుర్తులు పాత పటం లెక్కలో వేశారట. కొత్త పటం లెక్కలో వేసి మళ్లీ పంపాలట.

లియొంతినా ఆ కవరు తీసుకుని బయటికెళ్లి కట్టెల కొట్టం గోడను తన్నింది. బూటు లోపల బొటనవేలు వాచింది.

"వేలు కూడా పోయిందా?" అన్నాడు బెలార్మినో. "ఇంక ఈ అమ్మాయిలో మిగిలిందేముంది?"

"చదువు," అన్నాను.

"అది మాత్రం ఎందుకు పనికొచ్చింది?" అని ఆమే అంది, గుమ్మంలో కుంటుతూ.

మిగిలినవి ఇరవై ఐదు మీటర్ల చోట్లు ఆరు. ఆ ఆరే ముఖ్యమని లియొంతినా మొదటి నుంచీ అంటోంది. అంత లోతులో చన్నీళ్ల పగడం ఉంటే గట్టు మొత్తాన్నీ ఎవరూ ముట్టుకోకుండా కాపాడవచ్చునట. ఫిబ్రవరి మూడో వారంలో గాలి ఐదు రోజులు ఆగింది. బెలార్మినో ఆరూ పూర్తిచేసి కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ ఫొటోలు చూసే తీరిక కూడా లేకుండా లియొంతినా మర్నాడే బయల్దేరింది. చెవి చూపించుకోవాలి, పటం గుర్తులు సరిచేయించాలి, గడువు పెంచమని అడగాలి.

"లెక్కపెట్టి ఉంచు అక్కా, వచ్చాక చూస్తాను," అంది.

నేను పొద్దున్నే బంగాళదుంపలు ఉడకేసి మొదలుపెట్టాను. ఒకటో చోటు, రెండో చోటు. ఫొటోలన్నీ చీకటిగా ఉన్నాయి, లోతు కదా అనుకున్నాను. పద్ధతిగా రాసుకుంటూ పోయాను. నాలుగో చోటు, ఏడో చట్రం. మూలన గోధుమరంగుది ఒకటి చట్రంలోకి సగం వాలి ఉంది. అది ప్రాణి కాదు కాబట్టి లెక్కలోకి రాదు. తర్వాతి ఫొటోకు వెళ్లిపోయాను. మళ్లీ వెనక్కి వచ్చాను.

అది సముద్రపు నాచు ఆకు. తెగిన ముక్క కాదు, కొట్టుకొచ్చింది కాదు, రాతిని వేళ్లతో పట్టుకుని పెరుగుతున్న మొక్క. మా నీళ్లలో వెలుతురు తక్కువ. ఆ నాచు పన్నెండు మీటర్లు దాటి పెరగదు. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఏడేళ్ల వయసు నుంచి నాకు తెలుసు.

అరవై ఫొటోలూ మళ్లీ చూశాను. ఇంకో మూడింట్లో దొరికింది.

బెలార్మినో చేలో బంగాళదుంపలు తవ్వుతున్నాడు. నేను గంప తీసుకుని వెళ్లి అతని వెనక వరసలో వంగి ఏరడం మొదలుపెట్టాను. అప్పుడు చూశాను, అతను గునపాన్ని కుడికాలితోనే తొక్కుతున్నాడు. ఎడమకాలి మీద బరువు వేయాల్సి వస్తే చేత్తో ఊతం పట్టుకుంటున్నాడు. ఎన్నాళ్లుగా అలా తవ్వుతున్నాడో, నేను ఎలా చూడలేదో.

"ఏ లోతులో తీశావయ్యా ఆ ఫొటోలు?"

"ఏ ఫొటోలు?"

"ఇరవై ఐదులో నాచు పెరుగుతోంది మరి."

అతను గునపం ఆపలేదు. నాలుగు దుంపలు పైకి తీశాక అన్నాడు: "పన్నెండు, పదమూడు. రాయి నీడన పెట్టి తీశాను."

"దేనికి?"

"ఆగస్టులో గ్వైతేకాస్ దీవులకు వెళ్లాం కదా. అక్కడ ముప్పై మీటర్లలో ఉండగా గాలి పంపు ఆగింది. అంత లోతు నుంచి ఆగి ఆగి రావాలి, నేను ఒక్క గుక్కలో పైకొచ్చేశాను. రెండ్రోజులు పడవలోనే పడుకున్నాను, నడుం కింద నాది కాదన్నట్టుంది. తర్వాత తగ్గింది. ఈ కాలు తగ్గలేదు." దుంప మీది మట్టి బొటనవేలితో తుడుస్తున్నాడు. "పదిహేను దాటితే చాలు, మళ్లీ అలా అవుతుందని గుండె కొట్టుకుంటుంది. దిగే తాడు వదల్లేను."

"రూదెకి తెలుసా?"

"గొట్టం పట్టుకునేవాడికి తెలీకుండా ఎలా ఉంటుంది?"

"నాకు తెలీకుండా ఉండొచ్చన్నమాట!"

"నీకు చెప్తే డాక్టరు దగ్గరికి లాక్కెళతావు. వాడు నా కార్డు చింపేస్తాడు. ఆ తర్వాత నేనెవర్ని?" అప్పుడు నా వైపు తిరిగాడు. "సరే, రేపు వెళ్తాను. ఆరూ నిజంగానే చేసుకొస్తాను. ఇంక నోరు మూసుకో హెర్మీ."

నేను ఏడవలేదు. నాకు వచ్చింది కోపం. అతని మీద, నా మీద, పదకొండు చేతుల నక్షత్రాన్ని గుర్తుపట్టి పక్కలో మనిషి కాలు ఈడుస్తుంటే గుర్తుపట్టని ఈ కళ్ల మీద.

మర్నాడు పొద్దున గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. అతనికంటే ముందు నేను రేవులోకి దిగి పడవ ఎక్కాను. కంప్రెసర్ నుంచి బెల్టు ఊడదీసి ఏప్రన్ జేబులో పెట్టుకుని, కంప్రెసర్ మీదే కూర్చున్నాను.

బెలార్మినో రబ్బరు సూటు తొడుక్కుని వచ్చాడు. "లే."

"లేవను."

"హెర్మిందా, అందరూ చూస్తున్నారు. బెల్టు ఇటివ్వు."

"చూడనీ."

నిజంగానే చూస్తున్నారు. వలలు బాగుచేసుకునేవాళ్లు చేతులాపి మరీ చూశారు. ఎవడో అరిచాడు, "ఏం బెలార్మినో, ఇవాళ మీ ఆవిడ దిగుతుందా?" ఇంకొకడు, "గంప కూడా ఆవిడకే ఇచ్చెయ్!" అన్నాడు. రూదెసిందో తాడు చుట్టలోకి చూస్తూ నిలబడ్డాడు, తల ఎత్తలేదు. బెలార్మినో ముఖం కందిపోయింది. నన్ను ఎత్తి అవతల పెట్టగలడు, నాకు తెలుసు. చెయ్యి ముందుకు చాపాడు కూడా. ఆ చెయ్యి పడవ అంచును పట్టుకుంది. ఎడమకాలు ఎత్తి లోపలికి వేయడానికి రెండుసార్లు ప్రయత్నించి, మానేసి, ఇంటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కుస్తోదియో వచ్చాడు. రూదెసిందో అప్పటికే అతనికి అంతా చెప్పేశాడు.

"చూడు చెల్లెమ్మా," అన్నాడు మాతే టీ గ్లాసు నా చేతిలోంచి అందుకుంటూ. "కంపెనీవాళ్లు నీళ్లలో వేలు పెట్టకుండానే రాశారు. మనవాడు పన్నెండు మీటర్లయినా దిగాడు కదా?"

"కానీ రాసింది ఇరవై ఐదు అని."

"అక్కడ ఆ ప్రాణులు లేవా?"

"ఉండే ఉంటాయి."

"మరింకేం? ఉన్నవాటినే రాశాం."

ఇప్పుడైనా సరే, ఆ మాటకు తడుముకోకుండా జవాబు చెప్పగలనని అనుకోను. అతను వెళ్లాక ఆ ఆరు వరసలూ శుభ్రంగా రాసి, కాగితాలు కట్టగట్టి, ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను.

లియొంతినా మార్చి పద్దెనిమిదిన వచ్చింది. చెవి ఇంకా మానలేదు. గడువు పెంచలేదు. కుస్తోదియో కూడా వచ్చాడు, కాగితాలు తనే పట్నం తీసుకెళ్తానని. నలుగురం వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం. బెలార్మినో మూడు వారాలుగా నాతో అన్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వానకు రేవు మళ్లీ మూసే ఉంది.

లియొంతినా కాగితాలు తిప్పుతూ పోయి ఆ ఆరు వరసల దగ్గర ఆగింది. "పగడం ఒక్కటి కూడా లేదే?" అంది. "ఒక్కటైనా ఉంటుందనుకున్నాను."

నేను బెలార్మినో వైపు చూడలేదు. పొయ్యి మీది గిన్నెను చూస్తున్నాను.

"ఉంది," అన్నాడు అతను.

"ఎక్కడ? ఏ చట్రంలో?"

"చట్రంలో కాదు. ఇరవై మూడు మీటర్ల దగ్గర, గట్టు పడమటి వైపు. గులాబీ రంగుది. ఇంత ఎత్తు," అని మోచేయి చూపించాడు. "నాలుగేళ్ల కింద చూశాను. వేసవిలో నేను అక్కడిదాకా వెళ్లలేదమ్మా. ఆ ఫొటోలు పన్నెండులో తీసినవి."

లియొంతినా అతన్ని చూసింది, నన్ను చూసింది. నాకు ముందే తెలుసని నా ముఖం చెప్పేసి ఉంటుంది.

"ఉందని చెప్తున్నాడుగా," అన్నాడు కుస్తోదియో మెల్లగా. "కళ్లారా చూసినవాడు చెప్తున్నాడు. రాసెయ్ అమ్మాయ్. ఒక్క అంకె."

ఆమె చేతిలో పెన్సిలు ఉంది. నేను చూశాను, అది కాగితం దాకా వెళ్లింది. నాలుగు నెలలు, ఒక చెవి, ఒక వేలు, ఆ పిల్ల చదువు మొత్తం ఆ పెన్సిలు కొస మీద ఉన్నాయి. ఆమె రాస్తే నేను ఆపేదాన్ని కాదు.

బెలార్మినో చెయ్యి చాపి ఆమె ముందునుంచి కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. మొదటి వరస మీద అడ్డంగా గీత గీశాడు. కొట్టివేతకు పక్కన సంతకం, కార్డు నంబరు పెట్టాలని కాగితం మీదే రాసి ఉంటుంది. పెట్టాడు. రెండో వరస. మూడో వరస. అతను పేరు రాసేటప్పుడు నాలుక కొస బయటపెడతాడు, చదువుకున్నది నాలుగో తరగతి. ఆరుసార్లూ ఆ పేరు పూర్తిగా రాశాడు.

"కారణం దగ్గర ఏం రాయాలి?" అన్నాడు.

"సర్వే జరగలేదు," అంది లియొంతినా.

రాశాడు. పెన్ను మూత పెట్టి, టోపీ తీసుకుని, వానలోకి వెళ్లిపోయాడు.

"ఇరవై ఏడేళ్లలో వాడు చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ పని," అన్నాడు కుస్తోదియో. కాగితాలు మాత్రం తీసుకెళ్లాడు.

మే నెలలో జవాబు వచ్చింది. ఇరవై మీటర్ల లోతు వరకూ గట్టు మా సంఘం కింద ఉంటుంది, నూట పదమూడు జాతుల పట్టిక చూసి మెచ్చుకున్నారు కూడా. అంతకు మించిన లోతు గురించి సమాచారం అందలేదు కాబట్టి పడమటి వైపు అభ్యంతరం చెప్పడానికి ఆధారం లేదు. ఆగస్టులో బోనులు వచ్చాయి. గుండ్రటి నల్లటి వలయాలు పన్నెండు, ఒకదాని వెనక ఒకటి, మా కిటికీ ముందునుంచే లాక్కెళ్లారు.

కుస్తోదియో ఆ చలికాలమంతా మాతో మాట్లాడలేదు. రేవులో కొందరు బెలార్మినోను తిట్టారు, ఎక్కువమంది నన్ను తిట్టారు. ఆ ఐదు నిమిషాలు కంప్రెసర్ మీంచి లేచి ఉంటే అంతా అయిపోయేదని ఒకామె రొట్టెల దుకాణంలో నా ముఖం మీదే అంది. అయి ఉండేదేమో. ఏది అయిపోయేదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. లియొంతినా వెళ్లేముందు నాకు ఒక జాబితా రాసిచ్చింది, ఏటా లెక్కపెట్టాల్సిన చోట్లు. "ఎవరో ఒకరు దిగాలి అక్కా," అంది. దిగేదెవరో చెప్పలేదు.

బెలార్మినో తనంత తనే నౌకాదళం ఆసుపత్రికి వెళ్లాడు. కార్డు తీసేసుకున్నారు. ఇంటికొచ్చి రబ్బరు సూటు కడిగి ఆరేశాడు. నాలుగు రోజుల తర్వాత దాని నడుం దగ్గర కత్తిరించి, నా కొలతకు అతికించడం మొదలుపెట్టాడు. నేను అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని అటు వెళ్లలేదు.

నలభై నాలుగేళ్ల వయసులో, కుర్రవాళ్ల మధ్య కూర్చుని పరీక్ష రాసి, ఇరవై మీటర్ల అనుమతి తెచ్చుకున్నాను. తర్వాతి జనవరిలో ఒబిస్పో మీద పదిహేను మీటర్ల చోట్లు ఆరూ లెక్కపెట్టాను. మొదటి రెండు రోజులూ వేళ్లు చలికి బిగుసుకుపోయి నా రాత నాకే అర్థం కాలేదు, మళ్లీ దిగాల్సి వచ్చింది. గాలి గొట్టం బెలార్మినో పట్టుకున్నాడు.

చివరిరోజు పని అయ్యాక నేను పైకి రాలేదు. పడమటి అంచు పట్టుకుని కిందికి జారాను. మణికట్టు మీటరు మీద పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. రాయి కాళ్ల కింద ఇంకా దిగుతూనే ఉంది. పైనున్న బోనుల నీడ పడి అక్కడ నీళ్లు మరీ నల్లగా ఉన్నాయి. తెల్లగా తేలుతూ చేపల మేత నలకలు పడుతున్నాయి. ఇంకో మూడు మీటర్లు, అంతే. ఉందో లేదో ఒక్క చూపు చాలు. కాళ్లు ఆడించాను. గొట్టం బిగుసుకుంది. రెండుసార్లు లాగి వదలమన్నాను. వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. పైనుంచి జవాబుగా మూడుసార్లు లాగాడు: పైకి రా.

పడవ అంచు పట్టుకుని ముసుగు తీసిపారేశాను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"వదలవేం? మూడే మూడు మీటర్లు! నేను చూసేదాన్ని!"

"ఇరవై అయింది," అన్నాడు బెలార్మినో, మీటర్ల గుర్తులున్న గొట్టం చుట్టుకుంటూ.

"తెలుసు ఇరవై అని!"

"నీ కార్డు మీద ఇరవై అని ఉంది."

అరిచాను. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను, కిందటేడు మింగినవీ ఇప్పటివీ కలిపి. అతను చంకల కింద చేతులు వేసి నన్ను పడవలోకి లాగాడు, దుప్పటి కప్పాడు. పలక నా ఒళ్లో పెట్టాడు, పెన్సిలు చేతికిచ్చాడు.

"ఎంత వరకూ వెళ్లావో రాయి," అన్నాడు. "అంత వరకే రాయి."